ఎత్తిన పక్క

ఎక్స్‌రే గది నుంచి,
ఫిబ్రవరి 6

ఒరేయ్ చంటీ,

నీకు ఉద్యోగం వచ్చి నెలన్నర అయింది. నాకు రాసిన ఉత్తరం ఒక్కటి. అందులో సగం మీ క్లినిక్‌లో టీ బాగోదన్న ఏడుపే. దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అంటారు. నీ వరస చూస్తే నువ్వు ఏ జాబితాలోకి వస్తావో తెలియడం లేదు.

మీ అక్క సంగతి రాయమన్నావు. కుట్టు దుకాణం మెట్ల మీద జారిపడిందని చెప్పాను కదా, ఆ నొప్పి తగ్గలేదు. కూర్చుంటే నొప్పి, లేస్తే నొప్పి, మిషను తొక్కితే నొప్పి. చివరికి మొన్న నేనే బల్ల మీద పడుకోబెట్టి ఫిల్ములు తీశాను. నకళ్లు ఈ కవర్లోనే పెట్టాను. పొజిషనింగ్ అంటే ఏమిటో చూసి నేర్చుకో.

వెన్నెముక అడుగున తుంటి ఎముకతో కలిసే కీలు సామాన్యంగా చిక్కదు. రెండు పక్కలా ఒక్కొక్కటి ఉంటుంది, రెండూ వాలుగానే ఉంటాయి. మనిషిని తిన్నగా పడుకోబెట్టి తీస్తే మూసిన తలుపు కనిపించినట్టే. పాతిక డిగ్రీలు పక్కకి ఒత్తిగిలిస్తే అప్పుడు తలుపు సందు తెరుచుకుంటుంది. పుస్తకంలో బోర్లా పడుకోబెట్టమని ఉంది. నడుం నొప్పితో విలవిల్లాడే మనిషిని బోర్లా పడుకోమనడానికి నాకు నోరు రాలేదు. పదకొండేళ్ల కింద ఆ పద్ధతి ఇక్కడ నేనే మాన్పించాను. వెల్లకిలా పడుకోబెట్టి, ఒక పక్క కింద స్పాంజి దిమ్మ పెట్టి ఎత్తుతాను. ఎత్తిన పక్క నుంచి దిగిన కిరణం వాలుగా పోయి కింది పక్క కీలుని పట్టుకుంటుంది. అందుకే ఏ పక్క కీలో ఫిల్ములో తెలియడానికి పెట్టే సీసపు అక్షరం పుస్తకం ప్రకారమే పెడతాను: ఏ పక్క బల్లకి ఆనిందో ఆ పక్క అక్షరం. నీకు నేర్పిందే, మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే నీ బుర్ర చిల్లుల గిన్నె.

మీ అక్క కుడి పక్క ఎత్తి, ఎడమ పక్క బల్లకి ఆన్చి తీసిన ఫిల్ము చూడు. 'ఎడమ' అక్షరం ఉన్నది. కీలు అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. రెండో ఫిల్ములో కుడి కీలు నున్నగా ఉంది. డాక్టరు దీపప్పెట్టె మీద పెట్టి చూసి, 'ఇంత స్పష్టంగా నేనెక్కడా చూడలేదు' అన్నారు. సోమవారం ఎడమ కీల్లోకి సూది మందు ఇస్తారు. మీ అక్కని అడిగితే నడుమంతా చూపిస్తుంది, ఫిల్ము మాత్రం సూటిగా చెప్పింది.

టీ సంగతి వదిలేసి పని నేర్చుకో.

మీ బావ


క్లినిక్ వెనక గది నుంచి,
ఫిబ్రవరి 15

బావా,

ఫిల్ములు అందాయి. కిటికీ అద్దానికి అంటించాను. మా క్లినిక్ డాక్టరమ్మ చూసి, 'ఎవరు తీశారు?' అని అడిగింది. 'మా బావ' అన్నాను. చెప్పేటప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో చూస్తే నువ్వే సిగ్గుపడేవాడివి.

ఇక్కడ నేనొక్కణ్నే. ఫిల్ము తీసేదీ నేనే, డార్క్‌రూములో కడిగేదీ నేనే, ఆరబెట్టేదీ నేనే. రోజంతా చేతులు మందు వాసనే. నువ్వు చెప్పిన సూత్రాలన్నీ గోడ మీద రాసి పెట్టుకున్నాను. నీ పోలిక పడింది నాకు, ముక్కులో కాదు, చాదస్తంలో.

సూది వేశాక అక్కకి ఎలా ఉందో రాయి. తనని కూడా నాలుగు ముక్కలు రాయమను. ఏ ఉత్తరంలోనూ అక్క చేతిరాత కనిపించడం లేదు.

చంటి


ఇంటి నుంచి,
మార్చి 27

చంటీ,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. మనసు బాగాలేదు.

మీ అక్కకి రెండు సూదులు అయ్యాయి. మందు సరైన చోట పడితే గంటలో నొప్పి సగం తగ్గాలి. పూచికపుల్లంత కూడా తగ్గలేదు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, 'కీలు పాడైన మాట నిజమే, కానీ నొప్పి అక్కడిది కాదు. కీలుదే అయితే సూదికి లొంగేది. వెన్నెముకదే అయ్యుంటుంది' అన్నారు. అడుగున ఉన్న రెండు వెన్నుపూసల్ని కడ్డీలు వేసి కలిపేస్తారట. ఏప్రిల్ 20న ఆపరేషన్. ఆరు నెలలు మంచం. ఆ తర్వాత మిషను తొక్కగలదో లేదో చెప్పలేమన్నారు.

ఇంట్లో పరిస్థితి నీతో కాక ఎవరితో చెప్పుకోను? ఉదయం లేచిన దగ్గర్నుంచి ఒకటే మూలుగు. ఈ మధ్య అదీ లేదు. మాట్లాడడమే మానేసింది. నొప్పి ఎలా ఉందని అడిగితే, 'నాకేం తెలుసు, మీ ఫిల్మునే అడగండి' అంటుంది. కొంత మనసులో కూడా ఉందేమోనని డాక్టరు అన్నారు. నాకూ ఒక్కోసారి అలాగే అనిపిస్తుంది.

వీలుంటే 19కి రా.

మీ బావ


క్లినిక్ వెనక గది నుంచి,
ఏప్రిల్ 8

బావా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నిన్న రేకుల కప్పులు వేసే పనివాడొకడు నడుం నొప్పితో వచ్చాడు. ఎనిమిదేళ్ల కింద కప్పు మీంచి పడితే తుంటి ఎముకకి స్క్రూ వేశారట, ఆ కీలు పక్కనే. ఏ పక్క అని అడిగాను. చొక్కా ఎత్తి చూపించాడు. కుడి పక్క, జానెడు మచ్చ. నువ్వు చెప్పినట్టే వెల్లకిలా పడుకోబెట్టాను. ఎడమ పక్క ఎత్తి, 'కుడి' అక్షరం పెట్టి ఒకటి తీశాను. కుడి పక్క ఎత్తి, 'ఎడమ' అక్షరం పెట్టి ఒకటి తీశాను.

డార్క్‌రూములో ఫిల్ము ఎత్తి చూశాను. స్క్రూ 'ఎడమ' అని ఉన్న ఫిల్ములో ఉంది. తెరుచుకున్న కీలుని ఆనుకుని, మెలికలన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా. 'కుడి' అని ఉన్న ఫిల్ములో తెరుచుకున్న కీలు దగ్గర ఏమీ లేదు.

నేనే అక్షరాలు తారుమారు చేశానేమో అనుకున్నాను. అతన్ని బతిమాలి మళ్లీ తీశాను. అదే వచ్చింది. అతను వెళ్లిపోయాక, క్లినిక్ మూలన వేలాడే ప్లాస్టిక్ ఎముకల బొమ్మని దింపి, కుడి కీలు మీద నా గది తాళంచెవి అంటించి, బల్ల మీద పెట్టి మూడుసార్లు తీశాను. మూడుసార్లూ ఒకటే, బావా. వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు తెరుచుకునేది ఎత్తిన పక్క కీలు. బల్లకి ఆనిన పక్కది కాదు. బోర్లా పడుకోబెడితే మాత్రం ఆనిన పక్కదే. పుస్తకం తప్పు చెప్పలేదు. నువ్వు మనిషిని తిప్పావు, అక్షరాన్ని తిప్పలేదు.

తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లాను. అక్క ఫిల్ములు ఇంకా అక్కడే ఉన్నాయి. నీ మొదటి ఉత్తరం తీసి మళ్లీ చదివాను. కుడి పక్క ఎత్తి తీశానని నీ చేత్తోనే రాశావు. ఎలుక కొరికినట్టున్నది అక్క కుడి కీలు. మీరు సూదులు పొడిపించింది ఏ రోగం లేని కీల్లోకి. అందుకే తగ్గలేదు. తగ్గలేదు కాబట్టి ఇప్పుడు వెన్నెముక కోస్తామంటున్నారు!

 వెంటనే డాక్టరుకి చెప్పు. ఇంకొక్క మాట. అక్క ఏ పక్క నొప్పి అని చెప్పింది? నీ ఉత్తరాలన్నీ వెతికాను. ఎక్కడా రాయలేదు.

చంటి


ఎక్స్‌రే గది నుంచి,
ఏప్రిల్ 11

చంటీ,

తాతకి దగ్గులు నేర్పకు. నువ్వు నిక్కర్లు వేసుకుని తిరిగే రోజుల్లోనే నేను ఫిల్ములు తీస్తున్నాను. పదకొండేళ్లలో ఒక్క డాక్టరు ఒక్క మాట అనలేదు. నీ బల్ల పాతది, నీ దిమ్మ ఎన్ని డిగ్రీలుందో నీకే తెలియదు, ఆ రేకులవాడికి కుడి ఎడమ తెలుసో లేదో ఎవరికి తెలుసు?

నిన్న రిసెప్షన్‌కి ఫోన్ చేసి అందరూ వింటుండగా 'ఆపరేషన్ ఆపు' అని అరిచావు. అందుకే పెట్టేశాను. ఆపరేషన్ గదిలోకి వెళ్లబోయే మనిషికి ధైర్యం చెప్పాల్సింది పోయి ఇదేం పని? ఈ విషయం మీ అక్క చెవిన వేశావో, ఊరుకోను.

మీ బావ


క్లినిక్ వెనక గది నుంచి,
ఏప్రిల్ 13

బావగారికి,

తపాలాలో వేస్తే రెండు రోజులు పోతాయని ఈ కాగితం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లని మీరంటే నేనేం చెయ్యను? నా మాట నమ్మవద్దు. రేకులవాడి మాటా నమ్మవద్దు. మీ బల్ల, మీ దిమ్మ, మీ చేతులు. మీరే బల్ల మీద పడుకోండి. నడుం కింద కుడి పక్క, కీలు ఉన్న చోట, ఒక సీసపు ముక్క అంటించుకోండి. మీ దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి చేత కుడి పక్క ఎత్తించి ఒక ఫిల్ము తీయించుకోండి. ఆ సీసం తెరుచుకున్న కీలు దగ్గర లేకపోతే నేను ఈ పని మానేసి జీవితాంతం మీకు టీ కాస్తాను.

20కి ఏడు రోజులే ఉన్నాయి. అక్క ఏ పక్క అని చెప్పిందో మీరు ఇంకా రాయలేదు.

ఇట్లు,
మీ భార్య తమ్ముడు


ఎక్స్‌రే గది నుంచి,
ఏప్రిల్ 15

చంటీ,

'మీరు' అన్నావు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

తీయించుకున్నాను. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక ఆ అమ్మాయిని పిలిచి, కొత్త దిమ్మ పరీక్ష చేస్తున్నామని అబద్ధం చెప్పాను. పదకొండేళ్లలో మొదటిసారి నేను ఆ బల్ల మీద పడుకున్నాను. అది ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలియదు. 'ఊపిరి బిగపట్టండి సార్' అంది ఆ పిల్ల, అచ్చం నేను నేర్పిన గొంతుతో.

ఫిల్ము నేనే కడిగాను. మందులో నల్లబడుతూ బొమ్మ తేలుతుంటే, సీసం లేకుండా ఉంటే బాగుండునని కోరుకున్నాను. ఉంది. తెరుచుకున్న కీలు పక్కనే, తెల్లగా.  కత్తి వాటుకి నెత్తుటి చుక్క లేదు నాకు. ఆ గదిలో అలాగే నిలబడిపోయాను. ఆ అమ్మాయి తలుపు తట్టి, 'బాగా వచ్చిందా సార్?' అని అడిగింది. బాగా వచ్చిందన్నాను.

నువ్వు రెండుసార్లు అడిగినదానికి జవాబు రాస్తాను. కుడి అంది. మొదటి రోజే అంది. ఫిల్ము తీయకముందే వేలు పెట్టి చూపించింది. నడుమంతా చూపిస్తుందని నీకు రాసింది అబద్ధం. ఫిల్ము వచ్చాక, 'నొప్పి ఒక చోట పుట్టి ఇంకో చోట పలుకుతుంది, నీకు తెలియదు' అని నేనే సర్దిచెప్పాను. డాక్టరు 'ఏ పక్కమ్మా?' అని అడిగినప్పుడు తను నోరు తెరిచింది. తను అనేలోపే నేను 'ఎడమేనండి' అన్నాను. రెండో సూది రోజూ అంతే. ఆ తర్వాత తను చెప్పడం మానేసింది.

ఇప్పుడు ఒక ఉపాయం తోస్తోంది. ఆపరేషన్‌కి ముందు తాజా ఫిల్ము కావాలని చెప్పి కుడి కీలుకి మాత్రమే మళ్లీ తీస్తాను, అక్షరం సరిగ్గా పెడతాను. రోగం కుడి పక్కకి కూడా పాకిందని డాక్టరు అనుకుంటారు. కుడికి సూది వేస్తారు. నొప్పి తగ్గుతుంది, ఆపరేషన్ ఆగుతుంది. ఎవరికీ నష్టం లేదు. పెదవి దాటితే పృథివి దాటుతుంది, చంటీ. నువ్వు నోరు మెదపకుండా ఉంటే చాలు. ఈ కాగితమూ బస్సు డ్రైవరు చేతికే ఇస్తున్నాను, జవాబు కూడా అలాగే పంపు.

మీ బావ


క్లినిక్ వెనక గది నుంచి,
ఏప్రిల్ 16

బావా,

కుదరదు.

పదకొండేళ్లు. అక్కలాగా ఎంతమంది? నీ దగ్గర నేర్చుకుని ఊళ్లు పట్టుకుపోయిన నాలాంటివాళ్లు ఎంతమంది? నేనే ఈ నాలుగు నెలల్లో నలుగురికి తప్పు అక్షరం పెట్టాను. నిన్న వాళ్ల ఇళ్లకి నడిచి వెళ్లి చెప్పాను. ఒకాయన తలుపు నా ముఖాన వేశాడు. వేయనీ.

నువ్వు జాలితోనే మనిషిని తిప్పావు, అది నాకు తెలుసు. ఆ పొరపాటుకి నేను నిన్ను ఒక్క మాట అనను. కానీ అక్క నోరు మూయించిన సంగతి చదివాక నాకు అన్నం సహించలేదు. తనకి నువ్వే చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. 18 సాయంత్రానికి నువ్వు చెప్పావన్న కబురు రాకపోతే, 19 పొద్దున బస్సు దిగి నేను చెబుతాను.

చంటి


ఇంటి నుంచి,
ఏప్రిల్ 24

చంటీ,

17 సాయంత్రం చెప్పాను. నీకు ఫోన్‌లో 'చెప్పాను, ఆపరేషన్ ఆగింది' అన్న రెండు ముక్కలే చెప్పి పెట్టేశాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

మిషను ముందు కూర్చుని ఉంది. తొక్కడం లేదు, ఊరికే కూర్చుని ఉంది. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. బోర్లా, వెల్లకిలా, అక్షరం, స్క్రూ, నా ఫిల్ము, నేను దాచాలనుకున్న సంగతి. తను ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. 'అయితే నాకు పిచ్చి లేదన్నమాట' అంది. అంతే. తనకే పిచ్చి పట్టిందేమోనని రెండు నెలలుగా తనలో తనే భయపడుతోందట. ఒకే ఇంట్లో ఉండి ఆ సంగతి నాకు తెలియదు.

మర్నాడు ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాం. నేను చెప్పేది ఆయన చివరిదాకా విన్నారు. కుర్చీలోంచి లేచి, ఫిల్ములు దీపప్పెట్టె మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. 'ఈ పదకొండేళ్లలో నేను ఎంతమందికి సూదులు పొడిచాను?' అని తనని తనే అడిగారు.  తర్వాత మీ అక్క వైపు తిరిగి, 'ఏ పక్కమ్మా?' అన్నారు. నా నోరు అలవాటుగా తెరుచుకుంది. మూసుకున్నాను. తను వేలు పెట్టి చూపించింది.

కుడి కీల్లోకి సూది వేశారు. గంట గడిచాక తను బల్ల దిగింది. గోడ పట్టుకోకుండా వరండా చివరిదాకా నడిచింది, తిరిగి వచ్చింది, మళ్లీ వెళ్లింది. రెండోసారి చివర నిలబడి కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

ఆసుపత్రి వాళ్లు నన్ను ఫిల్ములు తీయనివ్వడం లేదు. పాత రిజిస్టర్లు ముందేసుకుని, ఈ కీలుకి ఫిల్ములు తీయించుకున్న వాళ్ల పేర్లు రాసి ఇమ్మన్నారు. రాస్తున్నాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ ఉత్తరాలు రాశాను. ఇద్దరి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. ఒకడు తిట్టాడు. ఇంకొకడు ఏమీ రాయలేదు, తను తీసిన ఫిల్ములు కట్టగట్టి పంపాడు.

నిన్న రాత్రి మీ అక్క నాతో మాట్లాడింది. 'అక్షరం తప్పు పెట్టారు. పోనివ్వండి, నేనూ ఎన్నో చొక్కాలకి చేతులు తిరగేసి కుట్టాను, విప్పి మళ్లీ కుట్టాను. కానీ నేను కుడి అన్నాను. మీరు విన్నారు. విని, నా ఎదురుగా కూర్చుని ఆయనకి ఎడమ అని చెప్పారు. దాన్ని పొరపాటు అనకండి' అంది. నేను తల దించుకున్నాను. 

రేపు పొద్దున తను మీ ఊరికి బస్సెక్కుతోంది. ఒక్కతే వస్తుందట. ఆరు గంటల ప్రయాణం, మధ్యలో ఒకసారి దిగి నడుస్తానంది. కుట్టు మిషను తల విప్పి చెక్కపెట్టెలో పెట్టుకుంది, అంటే నాలుగు రోజుల ప్రయాణం కాదు. ఎన్నాళ్లుంటావని అడగబోయి ఊరుకున్నాను. అడిగే హక్కు నాకు ఉందో లేదో తెలియదు.

ఈ ఉత్తరం తనకంటే ముందే అందాలని ఈ రాత్రి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, నువ్వు బస్టాండుకి వెళ్లు. పెట్టె బరువుగా ఉంటుంది. తనే మోసుకుంటానంటే మోసుకోనివ్వు.

మీ బావ